నాకు అభ్యంతరం లేదు

పాస్‌పోర్టు ఫొటోలో పిల్ల కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, వెనక తెల్లటి గోడ తప్ప ఇంకేమీ కనబడకూడదు. పట్టుకున్న మనిషి చెయ్యి కూడా కనబడకూడదు. మెడ నిలపలేని పసిపిల్లని చెయ్యి లేకుండా ఎలా నిలబెట్టాలో మాత్రం ఆ నిబంధనల్లో ఎక్కడా రాయలేదు.

"దుప్పటి కప్పుకుని నువ్వే గోడవి అయిపో," అంది అక్క.

చెల్లెలు కుర్చీలో కూర్చుంటే ఆమె మీద తల నుంచి మోకాళ్ళ దాకా తెల్ల దుప్పటి కప్పారు. దుప్పటి మీద పిల్లని ఆనించారు. లోపలినుంచి చెల్లెలి చేతులు పిల్ల చంకల్ని పట్టుకున్నాయి. పిల్ల తండ్రి ఫోన్ పట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. అతను అక్కకి మరిది. అక్క భర్త తాళాలగుత్తి గలగలలాడిస్తూ ఆ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. చెల్లెలు బావ, బావ అని పిలవగా పిలవగా ఆయన ఆ వీధిలో మనవాళ్ళందరికీ బావే అయిపోయాడు.

"ఇటు చూడవే పిడికిలీ! ఇటు, ఇటు!"

ఎప్పుడు చూసినా రెండు చేతులూ బిగించుకుని ఉంటుందని పిల్లకి ఆ పేరు పెట్టింది ఆయనే. మంచి పేరు వేరే ఉంది. కాగితాల మీద తప్ప దాన్ని ఎవరూ వాడటం లేదు.

"కళ్ళు తెరిస్తే నోరూ తెరుస్తోంది. నోరు మూస్తే కళ్ళూ మూస్తోంది. రెండిటికీ ఒకటే స్విచ్చు పెట్టినట్టున్నారు," అన్నాడు బావ.

"ఊపిరాడట్లేదు. త్వరగా కానివ్వండి," అని దుప్పటి లోంచి చెల్లెలి గొంతు వచ్చింది.

"గోడలు మాట్లాడకూడదు," అంది అక్క.

మగవాళ్ళిద్దరూ నవ్వారు. దుప్పటి కింద చెల్లెలు నవ్విందో లేదో తెలియలేదు.

చాలాసేపటికి ఒక ఫొటో కుదిరింది. పిల్ల నోరు మూసుకుని, ఎవరో తనని గట్టిగా ఏదో అడిగినట్టు సూటిగా చూస్తోంది. మరిది ఫోన్ అక్కకి చూపించాడు.

"చూడండి వదినా. తల్లి ఎక్కడా కనబడకుండా బాగా వచ్చింది."

అన్నాక ఆ మాట అతనికే వినబడినట్టుంది. ఫోన్ బల్ల మీద పెట్టి, పనేదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళాడు.

అక్క దరఖాస్తు ముందుకు లాక్కుంది. ఆమె పనిచేసేది డ్రై క్లీనింగ్ షాపులో, కౌంటరు దగ్గర. కానీ ఆ ఊళ్ళో ఉన్న మనవాళ్ళకి ఏ కాగితం కావాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. వీసా పొడిగింపులు, ఇంటి అద్దె ఒప్పందాలు, బడి దరఖాస్తులు, అన్నీ. ఏ గడిలో ఏం రాయాలో ఆమెకి కొట్టిన పిండి. పిల్ల పేరు రాసింది. పుట్టిన తేదీ, పుట్టిన ఆసుపత్రి రాసింది. తండ్రి పేరు అన్నచోట తన భర్త పేరు రాసింది. తల్లి పేరు అన్నచోట తన పేరు రాసింది.

చెల్లెలు ఎదురుగానే కూర్చుని పిల్లకి పాలిస్తోంది. అక్క పెన్ను కదలడం తలకిందులుగా చూస్తోంది.

"నీ అక్షరాలు ఎప్పుడూ ముత్యాలే అక్కా," అంది.

మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకోలేక అక్క తరవాతి గడిలోకి వెళ్ళింది.

ఇదంతా ఒక కార్డుతో మొదలైంది. మరిది పనిచేసే సరుకు రవాణా కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు జీతం ఇచ్చారుగాని, ఇంట్లోవాళ్ళకి ఇవ్వాల్సిన ఆరోగ్య కార్డు మాత్రం వచ్చే నెల, వచ్చే నెల అంటూ నెట్టుకొచ్చారు. కార్డు లేకుండా ఇక్కడ కాన్పు అంటే మాటలు కాదు. కౌంటరు దగ్గరే గంటలకొద్దీ నిలబెట్టేసిన కథలు అందరూ విన్నారు. ఇంకా టైముందిలే అనుకుంటుండగా నొప్పులు ముందే వచ్చాయి. మరిది వ్యాను వేసుకుని ఊరి అవతల ఎక్కడో ఉన్నాడు. సంచీ సర్దిందీ, టాక్సీ పిలిచిందీ, చెల్లెల్ని మెట్లు దింపిందీ అక్కే. ఆసుపత్రిలో కార్డు అడిగితే, హ్యాండ్‌బ్యాగులోంచి తన కార్డు తీసి ఇచ్చిందీ అక్కే.

ముందుగా వేసుకున్న పథకం ఏమీ లేదు. కార్డు అడిగారు, కార్డు ఇచ్చింది. కౌంటర్లో అమ్మాయి కార్డు మీది ఫొటో చూసింది, చెల్లెలి మొహం చూసింది. ఒకే ముక్కు, ఒకే నుదురు. నొప్పితో వంకర్లు పోతున్న మొహంలో వయసు తేడా ఎవరు వెతుకుతారు?

"అక్కా, అది నీది..." అని చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నొప్పులు పడు. మిగతావి నేను చూసుకుంటా."

చిన్నప్పుడు అమ్మ పోయినప్పటినుంచీ మిగతావన్నీ అక్కే చూసుకుంది. చెల్లెలు ఏ కాలేజీలో చేరాలో అక్కే చెప్పింది. సంబంధం అక్కే చూసింది. వాళ్ళిద్దర్నీ ఈ దేశానికి రమ్మందీ, తన వీధిలోనే ఇల్లు మాట్లాడిందీ అక్కే. ఎప్పుడూ ఏదీ బెడిసికొట్టలేదు. అందుకని ఇది బెడిసికొట్టగలదని ఆమెకి తోచలేదు.

జనన ధ్రువపత్రం చేతికొచ్చాక బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ వయసులో నన్ను మళ్ళీ తండ్రిని చేశావు. కనీసం ఓ మాట చెప్పాల్సింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగిన దగ్గరనుంచి ఎవరూ మళ్ళీ దాని మీద హాస్యమాడలేదు.

పత్రంలో పేర్లు మార్పించడం కుదురుతుందేమో కనుక్కోమని చెల్లెలు అడిగింది. అక్క నగరపాలక కార్యాలయానికి వెళ్ళి, షాపుకొచ్చే వాళ్ళెవరికోసమో అన్నట్టు అడిగింది. కుదురుతుందన్నాడు అక్కడి గుమస్తా. ఆసుపత్రివాళ్ళకి నిజం చెప్పాలి, తల్లికీ బిడ్డకీ రక్తపరీక్షలు చెయ్యాలి, పోలీసులు ఓ మాట రాసుకుంటారు.

"మరి కార్డు ఇచ్చినావిడకి ఏమవుతుందండీ?"

"ఇంకొకరికి కార్డు ఇస్తే నేరమే కదా. ఉండటానికి ఇచ్చిన పర్మిట్ రద్దు చెయ్యొచ్చు."

అక్క పర్మిట్ మీదే బావ ఉన్నాడు. ఆ పర్మిట్ మీదే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి స్కూలు చివరి సంవత్సరం చదువుతోంది. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దిగి, ఇంటికి వెళ్ళి, "కుదరదట. ఒకసారి రాసిన పేరు ఇక మార్చరట," అని చెప్పింది.

చెల్లెలు నమ్మింది. అక్క చెప్పింది నమ్మకపోవడం ఆమెకి అలవాటు లేదు.

అప్పట్లో అది తొందరపడాల్సిన విషయం కూడా కాదు. ఇప్పుడు మరిది కంపెనీ మూతపడింది, దాంతోపాటే వీసా కూడా పోయింది. ఈ నెలాఖరుకల్లా మొగుడూ పెళ్ళాం దేశం విడిచి వెళ్ళాలి. పిల్ల వెళ్ళాలంటే ముందు దాన్ని మన ఎంబసీలో మన పౌరురాలిగా నమోదు చేయించాలి, పాస్‌పోర్టు తీసుకోవాలి. జనన ధ్రువపత్రంలో ఎవరి పేర్లుంటే వాళ్ళే తల్లిదండ్రులుగా సంతకాలు చెయ్యాలి. అంటే అక్క, బావ. దారి అదొక్కటే ఉందని తేల్చిందీ అక్కే.

"పిల్లతో ప్రయాణించేవారు అని ఉందిక్కడ. నీ పేరు రాస్తున్నా," అంది అక్క.

"రాయి."

"పిల్లకి ఏమవుతారు అని ఉంది."

చెల్లెలు పిల్లని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. "నువ్వే చెప్పు, ఏమవుతానో."

"పిన్ని అని రాస్తున్నానే. కాగితం వరకే కదా."

"బళ్ళో వేసేటప్పుడు?"

"అప్పటికి చూద్దాం. ఏదో ఒక దారి ఉండకపోదు."

"దాని పెళ్ళి శుభలేఖ మీద?"

"అమ్మో! తాగిన పాలకి తేన్పు కూడా రాలేదింకా, అప్పుడే పెళ్ళా దానికి?"

వంటింట్లోంచి మరిది గొంతు వినిపించింది. "వదినా, నన్నేమని రాశారు? బాబాయినా?"

"మీ పేరు ఎక్కడా అక్కర్లేదు మరిదిగారూ," అంది అక్క, ధైర్యం చెబుతున్నట్టుగానే.

సింకులో గిన్నె ఒకటి గట్టిగా పడింది. ఆ చప్పుడుకి పిల్ల తేన్చింది.

తల్లిదండ్రులు కాక ఇంకొకరితో పసిపిల్ల ప్రయాణం చేస్తే, తల్లి రాసిన అంగీకార పత్రం ఉండాలి. అక్క దాన్ని మర్నాడు షాపులో రాసింది. ఇలాంటివి ఆమె ఎన్ని రాసిందో. పిల్లల్ని అమ్మమ్మలతో పంపే నర్సులకీ, అత్తగార్లతో పంపే అకౌంటెంట్లకీ. మాటలన్నీ నోటికి వచ్చు. ఒక కోటు తీసుకుని రసీదు ఇచ్చి, రెండు లైన్లు రాసింది. కిటికీ తెరల మూట తీసుకుని రసీదు ఇచ్చి, ఇంకో రెండు లైన్లు. నా కూతురిని నా చెల్లెలితో పంపడానికి నాకు ఎటువంటి అభ్యంతరం లేదు. నా చెల్లెలు నా కూతురి బాగోగులు జాగ్రత్తగా చూసుకోగలదని నాకు పూర్తి నమ్మకం ఉంది.

రాసి, చదువుకుంది. రెండో వాక్యం కొట్టేసింది. కొట్టివేతలున్న కాగితం ఎక్కడా తీసుకోరు కాబట్టి ఇంకో కాగితం తీసి, ఆ వాక్యం లేకుండా మొదటినుంచి రాసింది. ఆ వాక్యం లేకపోతే వెనక్కి పంపుతారని తనే అందరికీ చెబుతుంటుంది. మూడో కాగితం తీసింది. ఆ వాక్యం ఈసారి మరీ గుండ్రంగా, మరీ అందంగా వచ్చింది.

"ఎవరికీసారి?" అని అడిగింది పక్కన ఇస్త్రీ చేస్తున్న ఆవిడ. ఆవిడా మనవాళ్ళే.

"మా చెల్లెలికి."

"పిల్లని నీ దగ్గర వదిలి వెళ్తోందా, పాపం?"

"లేదు. తీసుకెళ్తోంది."

"తన పిల్లని తాను తీసుకెళ్ళడానికి ఉత్తరమెందుకు?"

అక్క ఆ ప్రశ్న విననట్టు రసీదు పుస్తకంలో తేదీలు సరిచూసుకుంది. ఇస్త్రీ ఆవిడ ఆవిరి చొక్కా మీదికి భుస్సుమని వదిలింది.

సాయంత్రం ఆ ఉత్తరం చెల్లెలికి ఇచ్చింది, ప్రయాణంలో దగ్గర ఉంచుకోవడానికి. చెల్లెలు దాన్ని నిలబడే చదివి, మడతపెట్టి, తన పాస్‌పోర్టులో పెట్టుకుంది.

"బాగా రాశావక్కా. నా మీద నీకు పూర్తి నమ్మకం ఉందన్నావు," అంది.

తిట్టినా బాగుండేదని అక్కకి అనిపించింది. ఇంటికి వెళ్ళాక బావ కంచం ముందు కూర్చుని, "ఎవరి పేరుంటేనేం, పెంచేది వాళ్ళేగా. రేపటితో అయిపోతుంది, తిను," అన్నాడు. అక్క అన్నం కలిపింది. కలుపుతూనే ఉంది.

ఎంబసీకి నలుగురూ కలిసి టాక్సీలో వెళ్ళారు. దిగే ముందు చెల్లెలు కారులోనే పిల్లకి పాలిచ్చింది. గేటు దగ్గర కాపలావాడు కాగితం చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"తల్లీ, తండ్రీ, పిల్ల. ముగ్గురే లోపలికి."

ఆ నిబంధన అక్కకి తెలుసు. వేరేవాళ్ళకి ఎన్నోసార్లు చెప్పింది. చెల్లెలికి చెప్పడానికే నోరు రాలేదు. అక్కడికెళ్ళాక వాళ్ళే చెబుతారులే అనుకుంది.

చెల్లెలు కాపలావాడి వైపూ, అక్క వైపూ చూసింది. పిల్ల నిద్రలో ఉంది. ఆమె పిల్లని అక్క చేతుల్లో పెట్టింది. సంచీ బావ భుజానికి తగిలించింది.

"పిండిన పాలు సీసాలో పెట్టాను. కానీ ఇది సీసా ముట్టదు, తెలుసుగా."

"ఎంతసేపు పడుతుందే, ఇట్టే వచ్చేస్తాం," అంది అక్క.

గేటు మూసుకుంది. బావ ముందు నడిచాడు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆ ఇద్దరూ తన చేతుల వైపే చూస్తుంటారని తెలుసు.

లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వాళ్ళ వంతు వచ్చేసరికి పిల్ల నిద్ర పలచబడి కదులుతోంది. కిటికీ అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు మన భాష ఆవిడే. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుంది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ మాట్లాడింది.

"మీ పెద్దమ్మాయికీ దీనికీ చాలా ఎడం ఉందే."

"అవునండీ," అంది అక్క.

"పెద్దది ఏమంది? మొహం మాడ్చుకుందా?"

"సంతోషపడిందండీ," అన్నాడు బావ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని పిల్లని చూసింది. "ఎక్కడికి పోతుందీ, అచ్చం తల్లి ముక్కే. మరి ఇంత చిన్నదాన్ని చెల్లెలితో పంపేస్తున్నారెందుకండీ?"

"ఇద్దరం ఉద్యోగాలండీ. చూసుకునేవాళ్ళు లేరు."

"ఉండగలరా మీరు?"

"అలవాటు చేసుకోవాలండీ."

అబద్ధం గొంతులో ఎక్కడా అడ్డం పడటంలేదు. పైగా ఆఫీసరు మొహంలో జాలి కనిపించింది. పిల్లకి దూరమవుతున్న తల్లి మీద జాలి. ఆ జాలి బయట రోడ్డు మీద నిలబడ్డ మనిషికి రావాల్సింది. అది తను తీసుకుంటోంది. అక్క చూపు బల్ల మీదికి దించుకుంది.

అంతలో పిల్ల లేచింది. మొదట మూలిగింది, తరవాత ఏడుపు అందుకుంది.

"పాలకి ఏడుస్తోంది," అంది ఆఫీసరు. "అదిగో, ఆ తలుపు. తల్లుల కోసమే పెట్టిన గది. ఇచ్చి రండి, తొందరేం లేదు. ఈలోపు ఆయన సంతకాలు చేస్తారు. తరవాత మీ సంతకం ఒక్కటే."

గదిలో ఒక కుర్చీ, ఒక చేతులు కడుక్కునే తొట్టె ఉన్నాయి. అక్క తలుపు వేసి కూర్చుంది. సీసా తీసి పిల్ల నోటికి అందించింది. పిల్ల నాలుకతో తోసేసింది. మళ్ళీ పెట్టింది. పిల్ల తల అటు తిప్పి, ఇటు తిప్పి, అక్క గుండెల వైపు మొహం తిప్పుకుంది. ఏడుపు ఆపి, నోరు తెరిచి, జాకెట్టు గుడ్డ మీద వెతకడం మొదలుపెట్టింది.

ఆ వెతుకులాటలో అనుమానం లేదు. ఇక్కడే ఎక్కడో ఉంటుంది, కాస్త పక్కకి జరిగితే దొరుకుతుంది అన్నట్టు వెతికింది. దొరక్కపోతే ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ వెతికింది. గుడ్డ తడిసింది. ఈ పిల్లని మోసం చెయ్యడానికి ఏ కాగితమూ పనికిరాదు. అక్క పిల్లని భుజానికి ఎత్తుకుంది. అక్కడ కూడా మెడ మీద వెతికింది.

తన కూతురు హాస్టల్ గదిలో పరీక్షకి చదువుకుంటూ ఉంటుంది ఇప్పుడు. బావ అవతల సంతకాలు చేస్తున్నాడు. ఇంకొక్క సంతకంతో అన్నీ సద్దుమణుగుతాయి. కానీ ఒక పెద్దమనిషి ఇచ్చిన మాట నమ్మినట్టు, ఈ పిల్ల ఇంకా తనని నమ్ముతూనే ఉంది. పిల్ల తల్లి కూడా అలాగే నమ్మింది, కుదరదట అంటే. అక్క ఇక అక్కడ కూర్చోలేకపోయింది.

ఆమె బయటికి వచ్చేసరికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆఫీసరు కాగితం తిప్పి, సంతకం చెయ్యాల్సిన చోట వేలు పెట్టి ఉంచింది.

"తాగలేదా?"

"నా దగ్గర పాలు లేవండీ. దీని తల్లి బయట ఉంది. గేటు బయట."

బావ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నిద్ర లేదండీ ఈవిడకి, నాలుగురోజులుగా..."

ఆఫీసరు వేలు తీసింది. కళ్ళజోడు తీసి గుండెల మీదికి వదిలింది. అటూ ఇటూ చూసి, అద్దం దగ్గరికి వంగి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీరు అలిసిపోయి ఉన్నారు. మీరిప్పుడన్నది నాకు సరిగ్గా వినబడలేదు. మళ్ళీ అడుగుతున్నాను, ఆలోచించుకుని చెప్పండి. ఈ పిల్ల తల్లి ఎవరు?"

మాట వెనక్కి తీసుకోవడానికి ఆవిడ దారి ఇస్తోందని అక్కకి అర్థమైంది. బావ వేళ్ళు మోచేతి మీద బిగుసుకున్నాయి.

"నా చెల్లెలు. కాన్పుకి నా కార్డు ఇచ్చాను. తనకి కార్డు లేదు. నేనే ఇచ్చాను, తను అడగలేదు."

ఆఫీసరు బావ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

బావ తను అంతదాకా చేసిన సంతకాల్ని చూసుకున్నాడు. "ఆవిడ చెప్పింది నిజమేనండీ. నేను దానికి పెదనాన్నని."

ఆఫీసరు కాగితాలన్నీ ఒకచోట చేర్చి, అద్దం కిందనుంచి వెనక్కి తోసింది. ఇప్పుడావిడ గొంతులో జాలి లేదు, కోపం కూడా లేదు.

"ఈ దరఖాస్తు ఇక ముందుకెళ్ళదు. ఆసుపత్రికి వెళ్ళి ఇదే మాట చెప్పండి. పరీక్షలు చేసి, తల్లి పేరు మారుస్తారు. అది పట్టుకుని అసలు తల్లిదండ్రులు ఇక్కడికి రావాలి."

"మారుస్తారా? మారదన్నారే," అన్నాడు బావ.

"ఎవరన్నారు? మారుతుంది. టైం పడుతుంది, అంతే. పుట్టిన కొత్తలోనే మొదలుపెట్టి ఉంటే ఈపాటికి అయ్యేది."

బావ అక్క వైపు తిరిగాడు. అక్క పిల్లని ఊపుతూ ఉండిపోయింది.

"ఈ నెలాఖరుకి పిల్ల తల్లిదండ్రులు వెళ్ళిపోవాలండీ," అంది.

"అయితే గడువు పొడిగించమని అడగాలి. ఇస్తారో లేదో చెప్పలేను. మీ సంగతి ఏమవుతుందో అది కూడా చెప్పలేను." ఆఫీసరు తరవాతి నంబరు మీట నొక్కింది. "ముందు దాన్ని తల్లి దగ్గరికి తీసుకెళ్ళండి, ఎలా ఏడుస్తోందో."

చెల్లెలు గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఏడుపు ఆమెకి ఎప్పటినుంచో వినబడుతున్నట్టుంది. అక్క చేతుల్లోంచి పిల్లని లాక్కున్నట్టే తీసుకుని, గోడ పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని, చున్నీ కప్పుకుంది. ఏడుపు మధ్యలోనే తెగిపోయింది. వీధిలో కార్ల చప్పుడు వినిపించసాగింది.

"అయిపోయిందా వదినా?" అని అడిగాడు మరిది.

అక్క చెప్పింది. లోపల అన్నమాటలే, అదే వరసలో చెప్పింది. మరిది విని, నాలుగడుగులు అవతలికి నడిచి, అక్కడ ఏమీ లేనట్టు మళ్ళీ వెనక్కి వచ్చాడు.

చెల్లెలు తలెత్తలేదు. "పేరు మారుతుందందా ఆవిడ?"

"మారుతుందంది."

"నువ్వు కుదరదన్నావు."

"మారుతుందని నాకప్పుడే చెప్పారే. మా పర్మిట్లు పోతాయన్నారు. మా అమ్మాయి చదువు మధ్యలో ఉంది. భయమేసింది. మీకు కుదరదని చెప్పాను."

బావ చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయనకి కూడా ఆ మాట చెప్పలేదు మరి.

"తప్పు చేశానే," అంది అక్క. "ఆ గదిలో ఇది నా దగ్గర పాలకోసం వెతుకుతుంటే ఇక నా వల్ల కాలేదు. నిజం చెప్పేశాను."

చెల్లెలు నెమ్మదిగా తలెత్తింది. ఆ మొహంలో అక్క ఆశించిందేదీ లేదు.

"చెప్పేశావు. నీ గుండె బరువు దిగిపోయింది. పొద్దున ఇది కనీసం నీ పిల్ల. నెలాఖరుకి నాతో వచ్చేది. ఇప్పుడు కాగితాల ప్రకారం ఇది ఎవరి పిల్లక్కా?"

"నేను..."

"చెప్పేముందు ఒక్కసారి బయటికొచ్చి అడిగావా? ఇలా చెప్పాలనుకుంటున్నానే, ఏమంటావు అని? గేటు పక్కనేగా ఉంది. కార్డు ఇచ్చినప్పుడూ అడగలేదు. కుదరదన్నప్పుడూ అడగలేదు. తప్పు చేసినా నువ్వే, దిద్దినా నువ్వే. మధ్యలో నేనెందుకు, కనడానికీ పాలివ్వడానికీనా?"

మరిది "ఊరుకో," అన్నాడుగాని, గట్టిగా అనలేదు.

అక్క బుర్రలో పనులన్నీ అప్పుడే వరసలో నిలబడ్డాయి. ఆసుపత్రిలో ఏ అంతస్తుకి వెళ్ళాలో తెలుసు. గడువు పొడిగింపు ఎక్కడ అడగాలో తెలుసు. ఏ ఉత్తరం ముందు రాయాలో, ఏది తరవాతో కూడా తెలుసు. నోరు తెరిస్తే అవన్నీ వచ్చేస్తాయి. ఆమె నోరు తెరవలేదు. కాసేపటికి, కొత్త భాష మాట్లాడుతున్నట్టు ఒక్కో మాటే కూడబలుక్కుని అడిగింది.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

చెల్లెలు పిల్లని రెండోవైపుకి మార్చుకుని, చున్నీ సర్దుకుంది. మొగుడి మొహంలోకి చూసింది. అతను తల ఊపాడు, ఏదైనా సరే అన్నట్టు. అక్క నిలబడే ఉంది. బెంచీ మీద చోటుంది, కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఆసుపత్రికి వెళ్తాం," అంది చెల్లెలు చివరికి. "మేమిద్దరం, పిల్ల. ఇప్పుడే. నువ్వు రావద్దు."

"నేను లేకుండా ఎలాగే? కార్డు నాది. వాళ్ళు నన్నే కదా..."

"నిన్ను పిలిస్తే అప్పుడు రా. ముందు నా మాట నన్ను చెప్పుకోనీ. నా ఇష్టం లేకుండా జరిగిందని చెప్పను, భయపడకు. నేనూ ఊరుకున్నానుగా."

అక్క కాగితాల సంచీ అందించింది. అందిస్తూ, ఏ కాగితం ఎక్కడుందో చెప్పబోయింది.

"చదువుకోగలనక్కా," అంది చెల్లెలు. ఆ మాట కాస్త మెత్తగానే అంది. పాస్‌పోర్టులోంచి ఆ అంగీకార పత్రం తీసి, అదే మడతతో అక్క చేతిలో పెట్టింది.

మరిది టాక్సీ ఆపాడు. చెల్లెలు పిల్లతో ఎక్కింది. కారు మలుపు తిరిగేదాకా అక్క చూస్తూ నిలబడింది. తరవాత ఆ కాగితాన్ని ఏం చెయ్యాలో తోచక, చేతిలో పట్టుకునే బెంచీ మీద కూలబడింది. బెంచీ ఇంకా వెచ్చగా ఉంది.

బావ ఆమెకి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి," అన్నాడు. "చదువు సంగతి ఏమవుతుందో."

"చెప్పాలి."

"నాకైనా చెప్పాల్సింది నువ్వు."

"చెప్పాల్సింది."

గేటు తెరుచుకుని ఇంకో కుటుంబం బయటికి వచ్చింది. తల్లి చంకలో పిల్లవాడు, తండ్రి చేతిలో కొత్త పాస్‌పోర్టు. దాన్ని పిల్లవాడు నోట్లో పెట్టుకోబోతుంటే ఇద్దరూ కలిసి నవ్వుతూ ఆపుతున్నారు. వాళ్ళు దాటి వెళ్ళేదాకా బావ తల పక్కకి తిప్పుకున్నాడు.

"పిలుస్తారంటావా?" అన్నాడు.

"పిలవకుండా ఎలా ఉంటారు? కార్డు నాదేగా."

"వాళ్ళ సంగతి కాదు. మీ చెల్లెలు."

అక్క ఫోన్ బయటికి తీసి, మోత పెంచి, ఒళ్ళో పెట్టుకుంది.